చివరి నుంచి మొదటివాళ్ళం

తిరుపతిలో నాకు ఫుట్‌బాల్ పిచ్చి ఉందని తెలిసినవాళ్ళు మొదట అడిగే మాట "మాంచెస్టరా, బార్సిలోనానా?" అని. నేను "హైదరాబాద్ ఎఫ్‌సీ" అనగానే సగంమంది మాట మార్చేసేవాళ్ళు, మిగతా సగం "అట్లాంటిది ఒకటుందా?" అనేవాళ్ళు. ఉండేది. 2019లో పుట్టింది. 2025 అక్టోబర్‌లో పేరూ ఊరూ రెండూ మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. ఈ మధ్యలో ఒకసారి కప్పు గెలిచింది, రెండుసార్లు పట్టికలో అట్టడుగున నిలిచింది, ఇంకోసారి అట్టడుగుకి ఒక్క మెట్టు పైన ఆగింది. నేను ఆ జట్టును మెచ్చుకున్నది తక్కువ, తిట్టింది ఎక్కువ. ఇప్పుడు తిట్టుకుందామన్నా జట్టు లేదు. అందుకే గుర్తున్నంతవరకు ఇక్కడ రాసి పెడుతున్నా.

తిరుపతివాడికి హైదరాబాద్ జట్టు మీద అంత మమకారం ఎందుకయ్యా అంటే, దానికి మూలం మా పీఈటీ సార్. తొంభైల్లో మాట. సార్ వాళ్ళది సికింద్రాబాద్. ఉద్యోగం మీద మా ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయారు. చివరి పీరియడ్‌కి స్టోర్‌రూం తాళం తీసి, గాలి దిగిపోయిన బంతిని ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చునేవారు. పంపు సూదిని నాలిక మీద పెట్టి తడిపి, వాల్వులోకి మెల్లగా దించేవారు. పొడి సూది గుచ్చితే లోపల బ్లాడర్ పాడవుతుందని ఆయన భయం. స్కూలు మొత్తానికి ఆడుకునే స్థితిలో ఉన్న బంతి అదొక్కటే మరి. గాలి కొట్టే పని మాది, కథ చెప్పే పని ఆయనది.

ఆ కథల్లో దేవుడు ఒక్కడే, రహీం సాబ్. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచిందని, కలకత్తా క్లబ్బులు కూడా ఆ పోలీసోళ్ళని చూసి జంకేవని సార్ చెప్పేవారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో రహీం కోచింగ్‌లోనే మనం నాలుగో స్థానం దాకా వెళ్ళాం. 1962లో జకార్తా ఏషియాడ్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చాం. అప్పటికే ఆయనకి క్యాన్సర్. మరుసటి ఏడే పోయారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం పేరు వచ్చినప్పుడు మాత్రం సార్ లేచి నిలబడి, కుడికాలితో లేని బంతిని లోపలికి కోసి చూపించేవారు. మాకు అప్పట్లో సచిన్ తప్ప ఇంకో పేరు తెలియదు. అయినా నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. కథ అయిపోయాక సార్ ఎప్పుడూ ఒకటే అనేవారు: "ఇప్పుడేముందిరా, అంతా పోయింది. లేవండి, ఆడండి."

2014లో ఇండియన్ సూపర్ లీగ్, అదే ఐఎస్ఎల్ మొదలైంది. ఎనిమిది జట్లు. అంతమంది ఒలింపియన్లను ఇచ్చిన హైదరాబాద్‌కి అందులో చోటు లేదు. అప్పటికి సార్ లేరు. ఉంటే ఏమనేవారో నాకు తెలుసు.

మా అక్కను నగరిలో ఇచ్చాం. మా బావ ఆ మొదటి ఏడే చెన్నయిన్ ఎఫ్‌సీ నీలం చొక్కా కొనేశాడు. నగరివాళ్ళకి అన్నిటికీ చెన్నైయే కదా. పట్టుచీరలకీ చెన్నై, కంటి ఆపరేషన్‌కీ చెన్నై. ఫుట్‌బాల్‌కి కూడా అదే దారి పట్టాడు. పట్టినవాడి అదృష్టం చూడండి, 2015లో ఒక కప్పు, 2017-18లో ఇంకో కప్పు. పండక్కి వచ్చినప్పుడల్లా "ఏం బామ్మర్దీ, నీకు ఇంగా జట్టు దొరకలేదా? మాతో రాకూడదా?" అని పొడిచేవాడు. నేను మాత్రం సార్ మాట మీద ఉండిపోయా. పెళ్ళిచూపులకి రానంటూ మొండికేసిన పిల్లాడికి మల్లే ఎవరు చెప్పినా వినలేదు.

2019 ఆగస్టులో పుణె జట్టు మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ వస్తోందని వార్త. పసుపు, నలుపు రంగులు. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం సొంత గడ్డ. ఆ రాత్రి బావకి నేనే ఫోన్ చేశా. "ఇంగ చూసుకో బావా" అన్నా. బావ నవ్వి, "చూస్తాంలే, రానీ" అన్నాడు.

మొదటి మ్యాచ్ అక్టోబర్ 25న కోల్‌కతాలో ఏటీకే మీద. ఇంకో రెండు రోజుల్లో దీపావళి. వీధిలో పిల్లలు అప్పుడే సీమటపాకాయలు మొదలుపెట్టేశారు. అమ్మ చూసే సీరియల్ ఆ పూటకి ఆపించి, రిమోట్ నా దగ్గర పెట్టుకున్నా. అమ్మ కూడా పక్కనే బొరుగుల డబ్బా పెట్టుకుని కూర్చుంది. ఒకటి పడింది. రెండు పడ్డాయి. మూడోది పడ్డాక అమ్మ నా మొహం చూసి, "గోలు పడినప్పుడల్లా అట్లా మొహం మాడ్చుకుంటావేందిరా? మనోళ్ళు ఎవరు?" అంది.

"వేసినోళ్ళు కాదమ్మా, వేయించుకున్నోళ్ళు."

"ఓ... అట్లనా." ఇంకో గుప్పెడు బొరుగులు నోట్లో వేసుకుని, కాసేపు ఓపిక పట్టి, "అయితే సీరియల్ పెట్టుకోవచ్చు కదా ఇంగ" అంది. పెట్టలేదు. మొత్తం 5-0. చివరి ఈల దాకా చూశా. ఆ రోజే టీవీ కట్టేసి లేచిపోయి ఉంటే నా ఆరేళ్ళు ఎంత ప్రశాంతంగా గడిచేవో.

రెండో మనిషిని పరిచయం చేయాలి. బాలాజీ కాలనీ వైపు నేను రోజూ టీ తాగే బేకరీ ఒకటుంది. దాని యజమాని మలయాళీ, ఊర్లో అందరికీ చేట్టనే, అంటే అన్న. ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు, తెలుగు బాగా మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం మలయాళంలోకి వెళ్ళిపోతాడు. కేరళ బ్లాస్టర్స్ వీరాభిమాని. గల్లాపెట్టె వెనక గోడకి గురువాయూరప్ప పటం, దాని కింద బ్లాస్టర్స్ ఏనుగు బొమ్మ. మా జట్టు సొంత గడ్డ మీద ఆడిన మొదటి మ్యాచ్ నవంబర్ 2న ఆ బ్లాస్టర్స్‌తోనే. రాహుల్ గోల్‌తో ముందు వాళ్ళే ఆధిక్యంలోకి వెళ్ళారు. తర్వాత స్టాంకోవిచ్ పెనాల్టీ, ఆఖర్లో మార్సెలీనో ఫ్రీకిక్. 2-1తో గెలిచాం. మర్నాడు నేను బేకరీలో అడుగుపెట్టగానే చేట్టన్ టీ గ్లాసు టక్కున పెట్టి, "డబ్బులు వద్దు, తాగేసి పో. మాట్లాడొద్దు" అన్నాడు. ఆ టీ రుచి ఇంకా నాలిక మీద ఉంది. ఓసీ టీ అని కాదు.

దానికి బదులు తీర్చుకోవడానికి ఆయనకి రెండు నెలలు పట్టింది. జనవరి 5న కొచ్చిలో 5-1. పొద్దున్నే వెళ్ళేసరికి ప్లేటులో ఒక పక్క అయిదు ఎగ్ పఫ్‌లు, ఇంకో పక్క ఒకటి పెట్టి నా ముందుకి తోశాడు. ఏమీ అనలేదు. గిరాకీలందరూ చూస్తున్నారు. నేను ఆ ఒక్కటీ తీసుకుని తిన్నా. ఆరింటికీ బిల్లు వేశాడు.

డిసెంబర్‌లో ఒక మ్యాచ్ స్వయంగా చూడాలనిపించింది. గోవాతో ఆదివారం మ్యాచ్. శనివారం సాయంత్రం నారాయణాద్రి ఎక్కా. ఆ బండి సంగతి తెలిసిందే, పెట్టె నిండా గుండ్లు, పై బెర్తుల మీద లడ్డూ సంచులు, వేరుశెనక్కాయల వాసన. లింగంపల్లి దాకా పోతుంది కాబట్టి గచ్చిబౌలికి దగ్గర, అదొక్కటే నాకు కలిసొచ్చింది. ఎదురు సీటాయన కొత్తగా కొట్టించుకున్న గుండు తడుముకుంటూ "హైదరాబాద్‌లో పనా?" అన్నాడు. మ్యాచ్ చూడ్డానికి అన్నా. ఆయన ఖంగుతిన్నాడు. "అది నిన్న శుక్రవారమే అయిపోయింది కదండీ! కోహ్లీ 94 కొట్టాడు, మీరు చూడలేదా?" అన్నాడు. ఉప్పల్‌లో వెస్టిండీస్‌తో టీ20 సంగతి. ఫుట్‌బాల్ అని చెప్పాక ఆయన చూపులో జాలి కనపడింది. రెండు లడ్డూల్లోంచి ఒకటి విరిచి పెట్టాడు.

బాలయోగి స్టేడియంలో ప్రేక్షకులకీ మైదానానికీ మధ్యన పరుగు పందేల ట్రాక్ ఉంటుంది. అందుకని టీవీలో దగ్గరగా కనిపించే ఆటగాళ్ళు అక్కడ దూరంగా, చిన్నగా కనిపిస్తారు. కుర్చీలు చాలావరకు ఖాళీ. ఒక స్టాండులో మా అభిమాన సంఘం డెక్కన్ లీజియన్ కుర్రాళ్ళు డప్పులు కొడుతూ, ఉన్నంతమందిలోనే పదింతలు గోల చేస్తున్నారు. నా పక్కన యాభై దాటిన పెద్దమనిషి ఒకాయన మొదటి నిమిషం నుంచి మా రైట్ బ్యాక్‌ని ఏకధాటిగా తిడుతున్నాడు. సగం తెలుగు, సగం ఉర్దూ. వాడి నడక బాగాలేదు, వాడి పాస్ బాగాలేదు, వాణ్ణి ఎవడు తీసుకున్నాడు. రెండో సగంలో ఆ కుర్రాడు త్రో వేయడానికి మా వైపు గీత దగ్గరికి వచ్చాడు. ఈయన దిగ్గున లేచి, రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టి, "శభాష్ బేటా, నువ్వు ఆడు" అని అరిచాడు. కుర్రాడు అటు తిరగ్గానే కూర్చుని మళ్ళీ తిట్లు మొదలు. ఆ మనిషి నాకు వెంటనే నచ్చేశాడు.

మన్వీర్ సింగ్ గోల్‌తో గోవా 1-0తో గెలిచింది. గచ్చిబౌలి రోడ్డు మీద ఆటో కోసం నిలబడితే డప్పుల కుర్రాళ్ళు ఇంకా కొట్టుకుంటూనే పోతున్నారు. ఓడినా గెలిచినా వాళ్ళకి ఆ వాయిద్యం ఆగదని నాకు తర్వాత తెలిసింది.

ఆ సీజన్‌లో నన్ను నిజంగా మంటెక్కించింది పెద్ద ఓటములు కాదు. డిసెంబర్ 21న ఏటీకేతో సొంత గడ్డ మీద ఆడిన మ్యాచ్. బోబో రెండు గోల్స్ కొట్టాడు. రెండోది కొట్టేసరికి ఆట ముగియడానికి ఇంక కాసేపే ఉంది. 2-1. నేను అప్పటికే బావకి మెసేజ్ టైపు చేస్తున్నా. చివర్లో రాయ్ కృష్ణ వచ్చి సమం చేసేశాడు. 2-2. టైపు చేసింది చెరిపేశా. 5-0తో ఓడితే మనసు మొద్దుబారుతుంది, నిద్ర పడుతుంది. చేతికి అందింది జారిపోతేనే తెల్లారిందాకా పక్క మీద దొర్లడం. కోచ్ ఫిల్ బ్రౌన్ ఇంగ్లండ్‌లో హల్ సిటీని నడిపించిన పెద్ద మనిషే, కానీ మా డిఫెన్స్‌కి ఆయన మంత్రం పారలేదు. జనవరిలో పంపించేశారు. మొత్తం 18 మ్యాచ్‌లలో 39 గోల్స్ వేయించుకుని, 10 పాయింట్లతో పదో స్థానం. పది జట్లే ఉన్నాయి. బావ ఫోన్ చేసి, "చివరి నుంచి మొదటోళ్ళు మీరే కదప్పా" అన్నాడు. విచిత్రం ఏంటంటే, అంతా అయిపోయాక ఆఖరి మ్యాచ్‌లో గువాహటి వెళ్ళి నార్త్ఈస్ట్‌ని 5-1తో చితక్కొట్టారు. లిస్టన్ కొలాసో అనే కుర్రాడు అందులో రెండు కొట్టాడు. ఈ ఆట ముందు నుంచీ ఎక్కడ దాచిపెట్టుకున్నారో!

తర్వాత కరోనా. ఆ రెండు సీజన్లూ మ్యాచ్‌లన్నీ గోవాలోనే, 2022 ఫైనల్ దాకా బయటి జనం లేకుండా. మనోలో మార్కెజ్ అనే స్పానిష్ కోచ్ వచ్చాడు. వయసులో చిన్న పిల్లల్ని పెట్టుకుని ఆట మొత్తం మార్చేశాడు. 2020-21లో ఆఖరి మ్యాచ్ గోవాతో గెలిస్తే సెమీస్. 0-0. అయిదో స్థానం. ఆ రాత్రి తిట్టుకున్నా గానీ, లోపల ఎక్కడో సంతోషంగానే ఉంది. అయిదో స్థానం పోయిందని ఏడ్చే స్థితికి వచ్చామంటే, అట్టడుగు జట్టు అభిమానికి అదే పెద్ద ప్రమోషన్.

2022 మార్చి 20 ఆదివారం. ఫటోర్డాలో ఫైనల్, మళ్ళీ కేరళ బ్లాస్టర్స్ మీదే. చేట్టన్ ఇంట్లో టీవీ తెచ్చి బిస్కెట్ల బీరువా మీద పెట్టాడు. ఊర్లో నర్సింగ్ చదివే కేరళ పిల్లలు, చుట్టుపక్కల షాపుల్లో పనిచేసే కుర్రాళ్ళు వచ్చేశారు. అందరూ పసుపు చొక్కాల్లోనే. నాదీ పసుపే. పైన చూస్తే టీవీలో పసుపు వేసుకుంది మా జట్టు, బ్లాస్టర్స్ నలుపులో ఉన్నారు. ఒక అమ్మాయి నన్ను తమవాడే అనుకుని ఉప్పేరి, అంటే అరటికాయ చిప్స్, పొట్లం అందించింది. తీసుకున్నా.

68వ నిమిషంలో వాళ్ళకి గోల్. ఎవరు? అదే రాహుల్. బేకరీ కప్పు లేచిపోయింది. చేట్టన్ కళ్ళు మూసుకుని గురువాయూరప్ప పటం వైపు చెయ్యి చాపాడు. నేను గ్లాసులో చల్లారిన టీని చూస్తూ కూర్చున్నా. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లో ఉన్న బంతిని తిప్పి కొట్టాడు. 1-1. అంతమందిలో లేచి అరిచింది నేనొక్కణ్ణే. ఉప్పేరి ఇచ్చిన అమ్మాయి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పెనాల్టీలకి వెళ్ళాక బావ ఫోన్. "మీ గోల్‌కీపర్ కట్టిమణి గుర్తున్నాడా బామ్మర్దీ? ఇదే గ్రౌండ్. 2015 ఫైనల్‌లో ఆఖరి నిమిషాల్లో సొంత గోల్ వేసుకుని మాకు కప్పు దారి చూపించినోడు" అన్నాడు. నిజమే. అప్పుడు లక్ష్మీకాంత్ కట్టిమణి గోవాకి ఆడేవాడు. ఆ మ్యాచ్‌లో చెన్నయిన్ 3-2తో గెలిచింది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి. అదే కట్టిమణి ఆ రాత్రి మూడు పెనాల్టీలు ఆపాడు. హాలీచరణ్ నర్జారీ కొట్టిన బంతి వలలో పడగానే 3-1, కప్పు మాది.

రోడ్డు మీదికి వచ్చి చూస్తే ఊరు ఊరంతా మామూలుగా ఉంది. అలిపిరి వైపు బస్సులు పోతున్నాయి, గోవింద నామాలు వినిపిస్తున్నాయి. ఎవరికి చెప్పను? ఇంటికెళ్ళి అమ్మకి చెప్తే, "వేసినోళ్ళా, వేయించుకున్నోళ్ళా ఈసారి?" అంది. ఆమెకి రెండున్నరేళ్ళ కిందటి మాట కూడా గుర్తుంది! ఇంకో రెండు వారాలకి మా తిరుపతి చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి సొంతంగా జిల్లా అయింది. ఊర్లో సంబరాలంటే అవే. నేను మాత్రం అందులో కొంత మా కప్పుకి కూడా జమ వేసుకున్నా.

చేట్టన్ మర్నాడు షాపు తీయలేదు. ఎల్లుండి తీశాడు. కేరళకి అది మూడో ఫైనల్ ఓటమి. 2014, 2016, ఇప్పుడిది. నాకు టీ ఇస్తూ చాలా శాంతంగా, "నీకు ఒకటి వచ్చింది కదా, చాలు. ఇంక ఓడిపో" అన్నాడు. శాపనార్థం పెట్టినట్టు లేదు, ఏదో మందుచీటీ రాసిచ్చినట్టు చెప్పాడు. ఆయన మాట తగిలింది. వెంటనే కాదు. మరుసటి సీజన్‌లో కూడా రెండో స్థానం, సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల మీద పోయాం. ఆ తర్వాతే.

2023-24 గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. మార్కెజ్ గోవాకి వెళ్ళిపోయాడు. జీతాల బకాయిల గొడవ బయటికొచ్చింది, ఫిఫా కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం పెట్టింది. ఒక్కొక్కరే సర్దుకున్నారు. విదేశీ ఆటగాళ్ళలో కెప్టెన్ జోవో విక్టర్ ఒక్కడు మిగిలాడు. మిగతా అంతా రిజర్వ్ జట్టులోంచి వచ్చిన పిల్లలు. పొద్దున్నే పేపర్లో ఎవరి పేరు చూసినా ఇంకో జట్టులో ఉండేది. 22 మ్యాచ్‌లలో ఒక్క గెలుపు, 8 పాయింట్లు, 12 జట్లలో 12వ స్థానం.

నేను తిట్లలో ఆరితేరినవాణ్ణి, కానీ ఆ ఏడు నోరు రాలేదు. ఎవర్ని తిట్టాలి? ఇరవై ఏళ్ళ కుర్రాడు, మొన్నటిదాకా రిజర్వ్‌లో ఆడినవాడు, మోహన్ బగాన్ స్ట్రైకర్ వెనకాల పరిగెత్తి పరిగెత్తి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోతుంటే వాణ్ణేం అనగలం. ఫిల్ బ్రౌన్ కాలంలో ఓడిపోతుంటే కోపంగా ఉండేది, కోపంలో ఒక బలం ఉండేది. ఇప్పుడు సెల్‌లో జియోసినిమా పెట్టుకుని, 3-0 అయ్యాక కూడా కట్టేయకుండా, ఆ పిల్లల్ని ఒంటరిగా వదిలేసినట్టవుతుందని చూస్తూ కూర్చునేవాణ్ణి. అమ్మ కూడా అడగడం మానేసింది. అడగకపోవడమే ఎక్కువ బాధగా ఉండేది.

మార్చి వచ్చినా ఒక్క గెలుపూ లేదు. అప్పుడు బావ నుంచి ఆహ్వానం. "10వ తేదీ చెన్నైలో మీతో మ్యాచ్. ఆదివారం. రా, దగ్గరుండి మూడు పాయింట్లు ఇచ్చి పో." వెళ్ళా. పసుపు చొక్కా సంచిలో పెట్టుకున్నా గానీ వేసుకోలేదు. బావ టికెట్ తీసింది వాళ్ళ స్టాండులో. నెహ్రూ స్టేడియంలో చుట్టూ చెన్నయిన్ అభిమాన సంఘం సూపర్ మచాన్స్, నీలం సముద్రం. తమిళంలో పాటలు. బావకి అన్నీ కంఠతా వచ్చు. నగరిలో ఇంత గొంతు ఎప్పుడూ వినలేదు నేను.

ఆట మొదలైన కాసేపటికే సాజద్ పర్రే గోల్ కొట్టాడు. మా సాజద్. మా గోల్. చుట్టూ ఒక్కసారిగా నిశ్శబ్దం. నేను అరవకూడదు. ఎడమచేత్తో తొడ మీద గట్టిగా గిల్లుకున్నా. బావ నా వైపు తిరగలేదు, కానీ ఆయన చెవి ఎర్రబడింది. ఇంక చూడండి నా టెన్షన్. ఎనభై నిమిషాలకి పైగా ఆ ఒక్క గోల్‌ని కాపాడుకోవాలి. ఆ పిల్లలు. చెన్నయిన్ వచ్చిన ప్రతిసారీ వెనకాల కుర్రాడు నా భుజం పట్టుకుని ఊపేవాడు, వాళ్ళవాణ్ణే అనుకుని. నేను కూడా ఊగేవాణ్ణి. బంతి బయటికి పోతే వాడు "అయ్యో" అనేవాడు, నేను కూడా "అయ్యో" అనేవాణ్ణి, లోపల వెంకన్నకి దండం పెట్టుకుంటూ. మా వాళ్ళు బంతిని ఎటు పడితే అటు తన్నారు, గీతల దగ్గర పడిపోయి లేవలేదు, త్రో వేయడానికి యుగాలు తీసుకున్నారు. ఇంతకుముందు వేరే జట్టు ఇలా ఆడితే అసహ్యించుకునేవాణ్ణి. ఆ రోజు అంత అందమైన ఆట ఇంకోటి లేదనిపించింది.

1-0. ఆ సీజన్ మొత్తానికి మా ఏకైక గెలుపు అదే.

కారులో తిరుత్తణి దాటేదాకా బావ నోరు విప్పలేదు. టీ కోసం ఆపాడు. గ్లాసు చేతికిచ్చి, "మొత్తం లీగ్‌లో మీకు మేమే దొరికామా?" అన్నాడు. నవ్వాపుకోలేక టీ పొలమారింది. ఆయనా నవ్వాడు, చివరికి. (వాళ్ళకేం, ఆ సీజన్ ఆరో స్థానంతో ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు.) నగరి చేరేసరికి అక్క తలుపు తీసి ఇద్దరి మొహాలూ చూసింది. ఎవరు గెలిచారని అడగలేదు. చల్లారిన సంగటి ముద్దలు మళ్ళీ వేడి చేసి, ఊరిబిండి గిన్నె నేరుగా నా పక్కన పెట్టింది. బావ అది చూసి, "ఓహో, నీది కూడా హైదరాబాదేనా" అన్నాడు.

2024-25లో కొత్త యాజమాన్యం వచ్చింది. 24 మ్యాచ్‌లు, నాలుగు గెలుపులు, 13 జట్లలో 12వ స్థానం. గుర్తుపెట్టుకోవాల్సింది ఏమీ లేదు, నేను పెట్టుకోలేదు కూడా. ఆ తర్వాత అసలు లీగ్ జరుగుతుందా లేదా అన్న సందిగ్ధంలో నెలలు గడిచాయి. అక్టోబర్‌లో ఒకరోజు సెల్‌లో వార్త. ఇకపై ఢిల్లీ. సార్ ఉంటే "అంతా పోయింది, లేవండి, ఆడండి" అనేవారు. ఆడే వయసు నాకు లేదు.

ఇప్పుడు ఇద్దరూ నా వెంట పడుతున్నారు. బావ నీలం చొక్కా కొని పంపిస్తానంటున్నాడు, సైజు అడుగుతున్నాడు. చేట్టన్ లెక్క ఇంకా తేలిక: "నీ దగ్గర పసుపు చొక్కా ఉంది కదా మోనే, అదే వేసుకుని ఇటు వచ్చెయ్, ఖర్చు లేదు." ఢిల్లీ జట్టు స్కోరు ఎక్కడైనా కనిపిస్తే మాత్రం ఆగి చూస్తా. ఓడిపోతే కొంచెం హాయిగా ఉంటుంది, అబద్ధం ఎందుకు. ఎవరి వైపు ఉంటానో ఇంకో సీజన్ చూసి చెప్తానని మొన్న చేట్టన్‌తో అన్నా.

"అయితే అప్పటిదాకా టీకి డబ్బులు కట్టు" అన్నాడు.